విడి సిగరెట్టు గారికి ఒక విన్నపం

నల్లగొండ గడియారం సెంటరు దగ్గరి పాన్ డబ్బాలో కొలువై ఉన్న విడి సిగరెట్టు గారికి, ఆ పక్కనే నిలబడి చాయ్ తాగే సామాన్యుడొకడు నమస్కరించి రాయునది.

పెట్టె కొనేవాడు వ్యసనపరుడనీ, ఒక్కటి అడిగేవాడు మర్యాదస్థుడనీ మా ఊళ్ళో పేరు తెచ్చిపెట్టిన తమరి నేర్పును మెచ్చుకోక తప్పదు. పెట్టెకు రెండు వైపులా 85 శాతం మేర బొమ్మతో హెచ్చరిక ఉండాలన్న నిబంధన 2016 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్నా, తమరు ఆ బొమ్మను గూట్లోనే వదిలేసి, మచ్చలేని తెల్లని ఒంటితో బయటికి విచ్చేస్తారు. రోజంతా దాన్ని చూస్తూ కూర్చునేది అమ్మేవాడొక్కడే. బహుశా అందుకేనేమో, మా డబ్బా యజమాని సిగరెట్టు ముట్టడు.

చూసినా గుండె సంగతి తెలిసేది తక్కువే. ఆ పెట్టెల మీద మేము ఎక్కువగా చూసినవి క్యాన్సరు బొమ్మలు. అందువల్ల పొగకు నోటితోనూ ఊపిరితిత్తులతోనూ మాత్రమే వైరమనీ, గుండెపోటు తెచ్చేది నూనె, మటన్, అప్పులవాళ్ళేననీ మావాళ్ళ గట్టి నమ్మకం. ఛాతీ బరువెక్కితే గ్యాసేనని తీర్మానించి, సోడా తాగి, ఉపశమనానికి తమరినే మరోసారి వెలిగించే పెద్దమనుషులకు ఇక్కడ కొదువ లేదు. నీళ్ళలోని ఫ్లోరైడు ఎముకలను వంచుతుందని మా జిల్లాలో పిల్లలకు కూడా తెలుసు, ఎందుకంటే మర్రిగూడ వైపు వెళితే అది కళ్ళారా కనబడేది. తమరి పనితనం ఎవరి నడకలోనూ కనబడదు.

ఆ పనితనం ఎంత పద్ధతిగా సాగుతుందంటే, నికోటిన్ గుండె వేగాన్నీ రక్తపోటునూ పెంచి గుండెకు ఆక్సిజన్ అవసరాన్ని ఎక్కువ చేస్తుంది. సరిగ్గా అదే వేళకు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాయువు, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను పట్టుకొని ఆ ఆక్సిజన్‌కే కోత పెడుతుంది. పొగలోని తక్కిన రసాయనాలు రక్తనాళాల లోపొరను గాయపరచి, రక్తం త్వరగా గడ్డకట్టేలా చూసుకుంటాయి. ఖర్చు పెంచి, రాబడి కోసి, చివరికి దారినే మూసేసే పాలన ఇది. పొగాకు వల్ల వచ్చే గుండె జబ్బుతో ప్రపంచంలో ఏటా 19 లక్షల మంది చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. అయినా అపవాదు మాత్రం మటన్‌ మీదే.

ఇక “రోజుకు ఒక్కటేగా” అన్న మాట. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2018లో వచ్చిన పరిశోధన ప్రకారం, రోజుకు 20 తాగేవారికి అదనంగా పెరిగే గుండె జబ్బు ముప్పులో దాదాపు సగం ఒక్కటి తాగేవారికీ దక్కుతుంది. ఇరవయ్యో వంతు ధరకు సగం సరుకు! మిర్యాలగూడ ధాన్యం వ్యాపారులు కూడా ఇంత గిట్టుబాటు బేరం చూసి ఉండరు.

2008 గాంధీ జయంతి నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం నిషిద్ధమనీ, 200 రూపాయల వరకు జరిమానా ఉందనీ తమరికి గుర్తు చేసి నవ్వుల పాలవడం నాకిష్టం లేదు.

నా విన్నపం చిన్నది. మానేసిన ఏడాదికే ఆ అదనపు ముప్పు సగానికి తగ్గుతుందట. మానడానికి సాయపడే ఉచిత ఫోన్ నంబరు కూడా గూట్లోని ఆ పెట్టె మీదే అచ్చయి ఉంది కనుక, ఒక్కొక్కటిగా కొనేవారి కోసం ఇక్కడ రాస్తున్నాను: 1800-11-2356. తమరిని నోట పెట్టుకొన్నవారు దీన్ని చదివి ముగించేసరికి తమరు మిగలరు కాబట్టి జవాబు అవసరం లేదు.

ఇట్లు,
తమరి పొగను పైసా చెల్లించకుండా పీలుస్తున్న పక్కవాడు