ఫోన్ తిప్పడం వస్తే కంప్యూటర్ వచ్చినట్టేనా?

వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది: ‘ఇప్పటి పిల్లలు ఫోన్‌తోనే పుట్టారు. వాళ్లకు కంప్యూటర్ క్లాసులు దండగ. ఎంత వాడితే అంత వచ్చేస్తుంది, చేతికి ల్యాప్‌టాప్ ఇస్తే చాలు.’ వినడానికి బాగానే ఉంది. ఒక్కో మాటా చూద్దాం.

‘ఫోన్‌తోనే పుట్టారు.’ పుడితే పుట్టారు. ఐఈఏ అనే అంతర్జాతీయ సంస్థ 2018లో ఐసీఐఎల్ఎస్ పేరుతో డెన్మార్క్, జర్మనీ, దక్షిణ కొరియా లాంటి దేశాల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు కంప్యూటర్ మీదే పరీక్ష పెట్టింది. సమాచారం వెతకాలి, అది నమ్మదగిందో కాదో తేల్చాలి, దాంతో ఏదో ఒకటి తయారు చేయాలి. నూటికి 43 మంది రెండో స్థాయికి కూడా రాలేదు. అన్నిటికన్నా పైదైన నాలుగో స్థాయి అందుకున్నది నూటికి ఇద్దరే. మన దేశం అందులో లేదు. ఉంటే ఏమయ్యేదో ఎవరి ఊహ వాళ్లది.

‘ఎంత వాడితే అంత.’ ఇందులో కొంత నిజముంది. ఏళ్ల తరబడి కంప్యూటర్ అలవాటున్న పిల్లలు ఆ పరీక్షలో కాస్త మెరుగ్గానే చేశారు. కానీ పదిహేనేళ్ల పిల్లలకు చాలా దేశాల్లో చదవడం, లెక్కలు, సైన్సుల్లో పెట్టే పీసా పరీక్షల 2012 లెక్కలు తీసి, వాటిని నడిపే ఓఈసీడీ అనే దేశాల కూటమి 2015లో చెప్పిందేమిటంటే, బడిలో కంప్యూటర్ మితంగా వాడేవాళ్లు అరుదుగా వాడేవాళ్లకన్నా కొంచెం నయం, మరీ ఎక్కువగా వాడేవాళ్లు బాగా వెనక. ఎక్కువ వాడడమే కారణమని దీన్నిబట్టి తేల్చలేం. ‘ఎంత వాడితే అంత’ అన్న సూత్రం మాత్రం నిలవదు.

‘క్లాసులు దండగ.’ దీనికి విదేశీ నివేదికలు అక్కర్లేదు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో ఏ నెట్ సెంటర్‌కైనా వెళ్లి చూడండి. రీల్‌కి పాట కలిపి నిమిషంలో పోస్ట్ చేసే కుర్రాడు, స్కాన్ చేసిన సర్టిఫికెట్ సైజు తగ్గించడం రాక క్యూలో నిలబడతాడు. డౌన్‌లోడ్ చేసిన ర్యాంకు కార్డు ఫోన్‌లో ఎక్కడికెళ్లిందో తెలియక మళ్లీ డౌన్‌లోడ్ చేస్తాడు. సెంటర్ అన్న అడగ్గానే పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ చెప్పేస్తాడు. ఏ కాలేజీ ముందు పెట్టాలో, ఏది తర్వాతో కూడా ఆ అన్నే నింపేస్తాడు! కుర్రాడు మొద్దేం కాదు. ఫైలు, ఫోల్డరు అన్న మాట ఎత్తకుండానే యాప్‌లు ఇన్నాళ్లూ అతని పనులు నడిపించాయి. ఓటీపీ ఎందుకు చెప్పకూడదో ఏ రీలూ నేర్పలేదు.

ఇక ల్యాప్‌టాప్. ఇవ్వొద్దని ఎవరన్నారు? ఇవ్వాల్సిందే. కాకపోతే పరికరాలు పంచినంత మాత్రాన సరిపోదని ఐసీఐఎల్ఎస్ నివేదికే చెప్పింది. నేర్పడం తెలిసిన టీచరు కావాలి, టైమ్‌టేబుల్లో పీరియడ్ కావాలి, పదో తరగతి సిలబస్ మిగిలిపోయిందని ఆ పీరియడ్‌ని లెక్కల సారుకి ఇచ్చేయని హెడ్మాస్టరూ కావాలి.