సవరణ: ఓషధి, ఔషధం, మూలిక

మొన్నటి పోస్టులో ‘ఓషధి అంటే మందుమొక్క’ అని ఉంది. దాన్ని కాస్త మార్చి చదువుకోండి. పాత సంస్కృత నిఘంటువు అమరకోశం ప్రకారం కాయ పండగానే ఎండి చచ్చిపోయే మొక్క ఓషధి. ఆ లెక్కన వరి, పెసర ఓషధులే. ఏళ్ల తరబడి కాస్తూ నిలబడే వేపచెట్టు మాత్రం కాదు, దాని ఆకు, బెరడు ఎంత మందైనా సరే! ఓషధి నుంచి పుట్టిన మాట ఔషధం. మందు అనే అర్థం దీనిది. వాడుకలో రెండూ కలిసిపోయాయి.

‘మూలిక’ సంగతీ అంతే. అది ‘మూలం’ నుంచి వచ్చిన మాట, మూలం అంటే మొక్క వేరు. ఇప్పుడు మాత్రం నేలవేము ఆకునీ, కరక్కాయనీ, అతిమధురం వేరునీ ఒకే పొట్లంలో కట్టి మూలికలనే అంటున్నాం. అది తప్పేమీ కాదు, అర్థం విస్తరించిందంతే.