బర్బన్ చిన్నబడి, స్కాచ్ పెద్దబడి అట!

మళ్ళీ వచ్చింది. "బర్బన్ తాగేవాళ్ళు స్కాచ్‌లోకి అడుగుపెట్టే ముందు తెలుసుకోవాల్సిన తొమ్మిది నిజాలు" అనే వాట్సాప్ సందేశం. డాలస్ గ్రూపులో ఒకరు పెడితే సాయంత్రానికి హైదరాబాద్ గ్రూపులో తేలుతుంది. మర్నాటికి న్యూజెర్సీ వాళ్ళు తామే కనిపెట్టినట్టు పంపుతారు. అమెరికా విస్కీ బర్బన్ చిన్నబడి, స్కాట్లాండ్ విస్కీ స్కాచ్ పెద్దబడి అని మొదలై, షుగర్ ఉన్నవాళ్ళకు వైద్యం చెప్పేదాకా వెళ్తుందది. పంపేముందు చివరిదాకా ఎవరైనా చదువుతున్నారా అన్నది నా అనుమానం. సరే, వరసగా కానిద్దాం.

"బర్బన్ అంటే కెంటకీలో చేసిందే." కాదు. కెంటకీ ఒక రాష్ట్రం, అమెరికాలో ఏ రాష్ట్రంలో చేసినా బర్బనే. గింజల్లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాలో పెట్టాలి, పీపాలో పోసేటప్పుడు ఆల్కహాల్ 62.5 శాతం దాటకూడదు. చట్టం అడిగేవి ఇలాంటివి, ఊరు పేరు కాదు. ఇండియానాలోని లారెన్స్‌బర్గ్ నుంచి ఎన్ని బ్రాండ్లకు సరుకు వెళ్తుందో తెలిస్తే ఈ పాయింటు రాసేవాళ్ళే కాదు.

"సింగిల్ మాల్ట్ అంటే ఒకే పీపాలోది." కాదు. మాల్ట్, అంటే మొలకెత్తించిన బార్లీతో, ఒకే డిస్టిలరీలో (సారా బట్టీలో) చేసింది. పీపాలు వందలు కలిసి ఉండొచ్చు.

"రంగు ముదిరితే వయసు ముదిరినట్టు." స్కాచ్‌లో ఈ150ఏ అనే కారమెల్ రంగు కలపడానికి చట్టమే ఒప్పుకుంటుంది. బర్బన్‌లో కలపకూడదు. రంగు చూసి స్కాచ్ వయసు కట్టేవాళ్ళకు ఇంతకన్నా చెప్పేదేమీ లేదు.

"పన్నెండేళ్ళ స్కాచ్ ముందు ఆరేళ్ళ బర్బన్ పసిగుడ్డు. వయసు రెట్టింపైతే నాణ్యత రెట్టింపు." ఇక్కడ మాత్రం ఆగాలి. మొత్తం సందేశానికి ఇదే వెన్నెముక, ఇందులో ఉన్నదంతా డొల్ల.

బర్బన్ పడుకునేది అప్పుడే కాల్చిన కొత్త ఓక్‌లో. ఆ చెక్కలోని వెనిల్లా వాసననిచ్చే వెనిలిన్, కొబ్బరి వాసననిచ్చే లాక్టోన్లు, కాలిన చక్కెరలు అన్నీ మొదటి తడవలోనే దండిగా దిగుతాయి. అదీగాక కెంటకీ వేసవి అంటే గోడౌన్ పై అంతస్తుల్లో ఉడికిపోయే వేడి. సారా చెక్కలోకి దూరుతుంది, చలికాలంలో వెనక్కి వస్తుంది. పై అంతస్తుల్లో ఆల్కహాల్ కన్నా నీరే ఎక్కువ ఆవిరై ఏటేటా ఘాటు, అంటే ఆల్కహాల్ శాతం, పెరుగుతుంది. స్కాట్లాండ్‌లో దీనికి తలకిందులుగా జరుగుతుంది. అక్కడి చల్లటి చెమ్మలో ఏటా సుమారు రెండు శాతం ఆవిరవుతుంది, ఘాటు తగ్గుతుంది. పైగా అక్కడ వాడేది ఎక్కువగా బర్బన్ వాళ్ళు ఒకసారి వాడి వదిలేసిన పీపా. ఇవ్వాల్సిన రుచిలో సగం అది కెంటకీలోనే ఇచ్చేసి వచ్చింది. అందుకే స్కాచ్‌కి పది, పన్నెండేళ్ళు పడుతుంది. అది ఓపిక పరీక్ష కాదు, చెక్క సంగతి. ఏడాది పొడవునా వెచ్చగా ఉండే బెంగళూరులో అమృత్ అనే విస్కీ కంపెనీ వాళ్ళ పీపాల నుంచి ఏటా పది శాతం దాకా గాలిలో కలుస్తుంది. అక్కడ నాలుగైదేళ్ళ మాల్ట్‌ని ఎవరూ పసిగుడ్డు అనరు.

పోనీ బర్బన్‌ని ఇరవై ఏళ్ళు ఉంచుదాం, స్కాచ్‌తో సమానమవుతుందేమో! ఎక్కువ పీపాల్లో మిగిలేది నాలుకని పిండేసే వగరు, చెక్కపొడి చేదు. ఏ అంతస్తులో పెట్టారన్నదాన్ని బట్టి కొన్ని తట్టుకుంటాయి, చాలావరకు తట్టుకోవు.

ఇంకో సంగతి. లేబుల్ మీద అంకె లోపల ఉన్నవాటిలో అతి చిన్నదాని వయసు. ముప్ఫై ఏళ్ళ సరుకులో ఒక గ్లాసు ఐదేళ్ళది కలిపినా 5 అనే రాయాలి. అందుకే కొందరు అంకే వేయరు. ఇంత వయసు పురాణం చెప్పిన సందేశకర్త చివర్లో "పరమోత్తమం" అని దేన్ని ఎంచారు? జానీ వాకర్ బ్లూ లేబుల్‌ని. దాని మీద వయసే లేదు మహానుభావా! పైగా ఘాటు 40 శాతం. 50.5 శాతం వైల్డ్ టర్కీ 101 బర్బన్‌కి అలవాటుపడ్డ నాలుకకు అది పట్టుబట్టలు కట్టుకున్న మంచినీళ్ళలా అనిపిస్తే తప్పు ఆ నాలుకది కాదు.

ఇదే పాయింటుకు తోకగా "సీసా బీరువాలో ఉంచినకొద్దీ ముదురుతుంది" అని కూడా రాశారు. 2005లో కొన్న పన్నెండేళ్ళ సీసా ఇప్పటికీ పన్నెండేళ్ళదే. గాజు ఏ రుచీ ఇవ్వదు. సీసాను నిలబెట్టి ఉంచండి, పడుకోబెడితే ఘాటుకి కార్కు పాడవుతుంది. ఎండ తగలనివ్వొద్దు. మూడో వంతుకు తగ్గాక కొన్ని నెలల్లో గాలి తగిలి రుచి చప్పబడుతుంది, చిన్న సీసాలోకి మార్చుకోండి.

"నీళ్ళు పోస్తే మసకబారిందంటే డూప్లికేటు." ఈ ఒక్క మాటతో ఎన్ని మంచి సీసాలు సింకు పాలయ్యాయో. మాల్ట్‌లో సహజంగా ఉండే కొవ్వు ఆమ్లాల ఎస్టర్లనే నూనెలాంటి పదార్థాలు చల్లబడినా, ఘాటు 46 శాతం కన్నా బాగా తగ్గినా విడివడి మబ్బుగా కనిపిస్తాయి. అలా కాకుండా ఉండాలని చాలా కంపెనీలు ముందే చల్లబరిచి వడకడతాయి. డీన్‌స్టన్ 12, ఆర్డ్‌బెగ్ 10 లాంటి స్కాచ్‌లు అలా వడకట్టనివి. వాటిలో ఐస్ వేస్తే మసకబారడం మామూలే.

"నీళ్ళు కలిపేవాడికి రుచి తెలియదు." కంపెనీల్లో విస్కీలు కలిపే నిపుణులు (బ్లెండర్లు) వాసన చూసేటప్పుడు ఆల్కహాల్ 20 శాతానికి దిగేదాకా పలచన చేస్తారు. వాళ్ళకూ తెలియదేమో! 60 శాతం కాస్క్ స్ట్రెంగ్త్ (పీపాలోంచి నీళ్ళు కలపకుండా సీసాలో పోసింది) 30 ఎం.ఎల్.ని 46కి దించాలంటే సుమారు 9 ఎం.ఎల్. నీళ్ళు చాలు. చెంచాతో కొంచెం కొంచెం పోయండి, ఎక్కువైతే వెనక్కి తీయలేరు.

"అసలు స్కాచ్ అంటే పొగ. మొదటి సీసా లాఫ్రోయిగ్ అయి తీరాలి." స్కాట్లాండ్‌లో అన్ని ప్రాంతాలకన్నా ఎక్కువ మాల్ట్ డిస్టిలరీలు స్పేసైడ్‌లోనే ఉన్నాయి, వాటిలో ఎక్కువ పొగ ఊసెత్తనివే. పొగకు పేరుపడ్డ ఐలా దీవిలో కూడా బునహావెన్ 12కి పొగ దాదాపు ఉండదు. ఆ వాసన పీపా కాల్చడం వల్ల వచ్చేది కాదు, మొలకెత్తిన బార్లీని పీట్ (చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టే మట్టి ఇంధనం) మంట మీద ఆరబెట్టడం వల్ల వచ్చేది. బర్బన్‌లోని కాలిన చెక్క వాసనకీ దీనికీ చుట్టరికం లేదు. తీపికి అలవాటైనవాడి చేతిలో మొదటి రోజే లాఫ్రోయిగ్ పెడితే "స్కాచ్ అంటే ఆసుపత్రి వాసన" అని తీర్పిచ్చేసి వెళ్ళిపోతాడు.

"మాల్ట్‌లో చక్కెర లేదు, కాబట్టి షుగర్ ఉన్నవాళ్ళు రెండు పెగ్గులు నిశ్చింతగా తీసుకోవచ్చు." దీని మీద వెటకారం ఆడలేను. ఆల్కహాల్‌ని అరిగించే పనిలో పడ్డ లివర్ రక్తంలోకి గ్లూకోజ్ విడుదల చేయడం తగ్గిస్తుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివి వాడేవాళ్ళకు షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు, అదీ కొన్ని గంటల తర్వాత, నిద్రలో. తూలడం, మాట తడబడటం చూసి పక్కవాళ్ళు మత్తనుకుని వదిలేస్తారు. మన 60 ఎం.ఎల్. పెగ్గులో సుమారు 19 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అమెరికా లెక్కలో ఒక డ్రింకు 14 గ్రాములే. సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. మీ డాక్టర్‌ని అడగండి, వాట్సాప్‌ని కాదు.

తొమ్మిదోది: "అదే డబ్బుకి బర్బన్ ఎక్కువ ఇస్తుంది." అమెరికాలో ఉన్నవాళ్ళకు ఇది అక్షరాలా నిజం. మొక్కజొన్న చవక, కాలమ్ స్టిల్ (సారా దించే నిలువు బట్టీ) ఆగకుండా నడుస్తుంది, గోడౌన్‌లో గడిపే ఏళ్ళు తక్కువ, సముద్రం దాటక్కర్లేదు. 50 శాతం ఘాటున్న మంచి బర్బన్ ధరకు స్కాచ్‌లో తరచూ 40 శాతంది వస్తుంది. ఎనిమిది అబద్ధాల తర్వాత ఈ నిజం ఎలా దూరిందో మరి. పైగా ఇది వాళ్ళ చిన్నబడి వాదాన్నే కూలుస్తుంది.

ఇక బర్బన్ నుంచి స్కాచ్‌కి వచ్చేవాళ్ళు కొనాల్సిన సీసాలు. గోధుమ కలిసిన మేకర్స్ మార్క్ బర్బన్ నచ్చేవాళ్ళు గ్లెన్‌మోరంజీ ఒరిజినల్ పట్టుకోండి. అది పడుకున్నది బర్బన్ పీపాల్లోనే, వెనిల్లా గుర్తుపడతారు, ఒళ్ళు మాత్రం పలచన. ఆ పలచన నచ్చకపోతే డీన్‌స్టన్ 12, 46.3 శాతం. బలవెనీ డబుల్‌వుడ్ 12 చివర్లో కొన్ని నెలలు షెర్రీ వైన్ పీపాలో ఉంటుంది, ఎండు ద్రాక్ష తీపి కావాలంటే అది. రై అనే ధాన్యం ఎక్కువ కలిసిన బులెట్ బర్బన్ కారం ఇష్టమైతే టాలిస్కర్ 10లో మిరియాల ఘాటు దొరుకుతుంది, కొంత పొగతో. బ్యారెల్ ప్రూఫ్ (నీళ్ళు కలపని బర్బన్) తాగేవాళ్ళకు అబెర్లావర్ అబునా. పోల్చేటప్పుడు ఒక్కోటి 15 ఎం.ఎల్. చాలు, పలచనిది ముందు, పొగది చిట్టచివర. ముందే పొగ దట్టంగా ఉండే ఆర్డ్‌బెగ్ తాగితే ఆ పూటకి మిగతావన్నీ ఒకేలా ఉంటాయి.