సవరణ: 'హ్యాపీ డేస్' తొలి నాన్న టామ్ బాస్లీ కాదు

అమెరికన్ నటుడు టామ్ బాస్లీని తలచుకుంటూ రాసిన పోస్టులో, అమెరికన్ సిట్‌కామ్ 'హ్యాపీ డేస్'లో నాన్న హోవర్డ్ కన్నింగ్‌హామ్ పాత్ర మొదటి నుంచీ ఆయనదేనన్నాను. అది తప్పు. 1972లో 'లవ్, అమెరికన్ స్టైల్' అనే టీవీ షోలో ఒక భాగంగా ప్రసారమైన పైలట్‌లో (సీరియల్‌కు ముందు తీసే నమూనా ఎపిసోడ్‌లో) ఆ నాన్నగా వేసింది నటుడు హెరాల్డ్ గూల్డ్. పత్రికల్లో వచ్చిన గూల్డ్ నివాళి కథనాల్లో ఈ సంగతి ఉంది. 1974లో అమెరికా టీవీ సంస్థ ఏబీసీ సీరియల్ మొదలుపెట్టేసరికి గూల్డ్ ఒక నాటకానికి ఒప్పుకొని ఉన్నారు. అలా బాస్లీ వచ్చి, మిల్వాకీలో హార్డ్‌వేర్ షాపు నడిపే ఆ ఓపికైన పెద్దమనిషిగా 1984 దాకా కొనసాగారు. నాకు ఎంతో ఇష్టమైన టీవీ నాన్న ఇప్పటికీ ఆయనే. ఇద్దరూ 2010లోనే పోయారు: గూల్డ్ సెప్టెంబరులో, బాస్లీ అక్టోబరులో. పాత పోస్టులో గూల్డ్ పేరు చేర్చాను.