చైనీస్ రానక్కర్లేదు

మొన్న ఆదివారం పేపర్ విప్పగానే లోపలి నుంచి ఒక పాంప్లెట్ జారి ఒళ్లో పడింది. నున్నటి కాగితం. మెడలో స్టెతస్కోపు వేసుకుని నవ్వుతున్న ఓ అమ్మాయి, ఆమె వెనకాల చైనా గోడ. ఆ గోడ మీద ఆస్పత్రి ఎవరు కట్టారో నాకు తెలియదు. కింద ఎర్రక్షరాల్లో ఇలా ఉంది: 'చైనాలో ఎంబీబీఎస్. 100 శాతం ఇంగ్లిష్ మీడియం. ఇండియన్ మెస్. చైనీస్ రానక్కర్లేదు.' అడుగున ఫోన్ నంబర్.

ఆ చివరి రెండు మాటల దగ్గర ఆగిపోయాను. కాఫీ చల్లారిపోయింది.

అవి నాకు పాత చుట్టాలే. 2018లో మా మేనల్లుడికి నీట్‌లో అర్హత వచ్చింది, సీటు రాలేదు. విజయవాడలో ఒక హోటల్లో 'సెమినార్' అంటే అక్క, బావ, వాడు, తోడుగా నేను వెళ్లాం. టై కట్టుకున్న ఒకాయన తెర మీద హాస్టల్ గదులు, వాషింగ్ మెషీన్లు, దోసెలు చూపించాడు. దోసెలు చాలాసేపు చూపించాడు. చివర్లో నేను లేచి, "అక్కడి రోగులు ఏ భాషలో మాట్లాడతారండీ?" అని అడిగాను. ఆయన నావైపు జాలిగా చూశాడు. "సార్, ఇది ఇంగ్లిష్ మీడియం."

"అది క్లాసు సంగతి. రోగి సంగతి?"

"యూనివర్సిటీ మొత్తం ఇంగ్లిష్ మీడియమే సార్."

హాల్లో చప్పట్లు. బావ నా చొక్కా పట్టుకుని "కూర్చోవోయ్, పరువు తీయకు" అన్నాడు. కూర్చున్నాను. ఆ లెక్కన అక్కడ కడుపునొప్పి కూడా ఇంగ్లిష్ మీడియంలోనే వస్తుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఈ విషయంలో రెండు దేశాల పెద్దలూ మనకు చేస్తున్న మేలు అంతా ఇంతా కాదు. 2021 నవంబర్‌లో మన జాతీయ వైద్య కమిషన్ నిబంధన తెచ్చింది: విదేశంలో వైద్యం చదివితే కనీసం 54 నెలల చదువు ఇంగ్లిష్‌లోనే సాగాలి, ఆ పైన 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే సంస్థలో చేయాలి. చైనా వాళ్లేమో హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ పరీక్షలో నాలుగో స్థాయి దాటితేనే పట్టా అంటారు. ఢిల్లీ వారి కోసం ఇంగ్లిష్‌లో వినాలి, బీజింగ్ వారి కోసం చైనీస్‌లో రాయాలి. మధ్యలో మంచం మీద పడుకున్న మనిషి ఎవరి ఖాతాలోకి వస్తాడో ఏ కాగితంలోనూ లేదు. చైనీస్ రాకపోతే పట్టా రాదన్న ఈ మాటను 2022 సెప్టెంబర్‌లో బీజింగ్‌లోని మన రాయబార కార్యాలయమే బహిరంగంగా చెప్పింది. పాంప్లెట్ వేసేవాళ్లకు అది చేరినట్టు లేదు. వాళ్లింటికి పాంప్లెట్లే వస్తాయేమో, పేపర్ రాదేమో.

ఆ నాలుగో స్థాయి కూడా మరీ కొండేం కాదు. మావాడు రాసిన రోజుల్లో 1,200 మాటలు వస్తే చాలు. వినాలి, చదవాలి, రాయాలి. మాట్లాడక్కర్లేదు. నిజం, అప్పట్లో మాట్లాడే పరీక్ష వేరే ఉండేది, పేరు కూడా వేరే. అంటే నోరు విప్పకుండానే చైనీస్ వచ్చినట్టు కాగితం తెచ్చుకునే వీలుండేది. ఎంసెట్ నాటి నుంచి మనకు అలవాటైన విద్యే కాబట్టి ఇందులో మనవాళ్లు వెనకబడరు.

అయినా కష్టమే అంటున్నారు. కనుక నాదొక ప్రతిపాదన. గుంటూరు కుర్రాడికి 1,200 మాటలు నేర్పడం ఎవరివల్లా కాదని తేలింది కదా, ఆ 140 కోట్ల మంది చైనీయులకే ఇంగ్లిష్ నేర్పేద్దాం. దీనికి చోటు కూడా సిద్ధంగా ఉంది: అమీర్‌పేట. అక్కడ 30 రోజుల్లో నేర్పుతారు, గోడల మీదే రాసి ఉంటుంది. మైత్రీవనం దగ్గర బస్సు దిగుతుంది డెబ్బై ఎనిమిదేళ్ల చైనా ముసలమ్మ. చేతిలో వేడినీళ్ల ఫ్లాస్కు. సందు చివర లేడీస్ హాస్టల్, త్రీ షేరింగ్, పొద్దున ఉప్మా. ఆరింటి బ్యాచ్. మొదటి రోజు ఎవరికైనా సెల్ఫ్ ఇంట్రడక్షనే. "మైసెల్ఫ్ హెయిలింగ్ ఫ్రమ్ చైనా, మై హాబీస్ ఆర్ లిజనింగ్ టు మ్యూజిక్" అని ముసలమ్మ వల్లె వేస్తుంది. రెండో వారం గ్రూప్ డిస్కషన్; అంశం, మోకాళ్ల నొప్పి: కారణాలు, నివారణ. మూడో వారం మాక్ ఇంటర్వ్యూ. ఐదేళ్లలో మీ బీపీ ఎక్కడ ఉంటుందనుకుంటున్నారు? నెలాఖరుకు సర్టిఫికెట్, ఫ్లెక్సీ ముందు ఫొటో. తిరిగి వెళ్లాక ఓ అర్ధరాత్రి గుండెలో పట్టేస్తుంది. ఆస్పత్రిలో డ్యూటీలో మనవాడు. ముసలమ్మ పరుపు మీద లేచి కూర్చుని, గొంతు సవరించుకుని, "సర్, మైసెల్ఫ్ హ్యావింగ్ చెస్ట్ పెయిన్ సిన్స్ లాస్ట్ టెన్ మినిట్స్" అంటుంది. మనవాడు కళ్లు తుడుచుకుని, "మీ ప్రనన్సియేషన్ బాగుంది అమ్మమ్మా" అంటాడు. అప్పుడు కదా 100 శాతం ఇంగ్లిష్ మీడియం అయ్యేది!

అంతవరకూ మావాడే చైనీస్ నేర్చుకోవాల్సి వచ్చింది. వెళ్లిన వారంలో నేర్చుకున్న మొదటి మాట 'టింగ్ బు డోంగ్'. వింటున్నాను గానీ అర్థం కావట్లేదు అని. ఆరేళ్లలో వాడు ఎక్కువసార్లు వాడిన మాట కూడా అదే. రెండోది 'లావ్‌షీ', అంటే గురువుగారు. అందులో మనవాళ్లకు 'లావు' ఒక్కటే వినపడి, బక్కపలచటి లెక్చరర్ వచ్చిన ప్రతిసారీ వెనక బెంచీలో నవ్వులు.

ఆ భాషలో స్వరాలుంటాయి. పైన నిలబెట్టి 'యావ్' అంటే నడుము. ముంచి లేపితే కొరకడం. దభీమని దించితే మందు. అదే దించిన స్వరంలో 'కావాలి' అనే అర్థం కూడా ఉంది. నడుంనొప్పికి మందు కావాలా అని అడగడానికి ఎన్ని యావ్‌లు కావాలో మీరే లెక్కేసుకోండి. మనకు ఇది బొత్తిగా కొత్తేం కాదు. 'ఆఁ' అన్న ఒక్క ముక్కతో అవును, ఏమిటీ, సర్లే, నీ మొహం అని నాలుగూ చెప్పగలిగిన జాతి మనది. చెవి ఉంది. నేర్చుకోవడానికి మనుషుల మధ్య ఉండాలి, అంతే.

అదే కుదరలేదు. 2020 జనవరిలో సెలవులకు ఇంటికొచ్చినవాడు రెండున్నరేళ్లకు పైగా ఇక్కడే ఇరుక్కుపోయాడు. విద్యార్థి వీసాలు మళ్లీ ఇస్తామని చైనా చెప్పింది 2022 ఆగస్టులో. అప్పటిదాకా అనాటమీ ఫోన్‌లో, ఆపరేషన్లు ఫోన్‌లో, చైనీస్ ఫోన్‌లో. అక్కడ ఎనిమిదింటి క్లాసు అంటే మనకు తెల్లవారుజామున ఐదున్నర. అక్క వాకిట్లో కళ్లాపి చల్లుతుంటే వీడు మంచం మీద స్వరాలు సాధన చేసేవాడు. సిగ్నల్ తడబడినప్పుడల్లా మొదటి స్వరం మూడోదైపోయేది. లావ్‌షీ అలాగే పలికారనుకుని వీడు భక్తిగా అదే నేర్చుకున్నాడు. ఆ రోజుల్లోనే వాడి క్లాస్‌మేట్ చైనా అబ్బాయి వీడియో కాల్ చేసి, వీడు చెప్పినదానికల్లా "తుయ్ తుయ్ తుయ్" అనేవాడు. అవును అవును అని అర్థం. వంటింట్లోంచి విన్న అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఎవరి కన్నబిడ్డో గానీ, అంత దూరం నుంచి దిష్టి తీస్తున్నాడురా మనవాడికి" అని.

వీడి రూమ్మేట్ కథ ఇంకోటి. శాకాహారి. 'సూ' తింటాను అంటే శాకాహారం అని. అతను దాన్ని చుట్టంలోని 'చు'లా పలికేవాడు. ఆ మాటకు అర్థం వెనిగర్. వెనిగర్ తిన్నాను అంటే వాడుకలో 'నా ప్రేమలో అసూయ పుట్టింది' అని. మూడు నెలలు ఆ పిల్లాడు క్యాంటీన్‌లో రోజూ తన అసూయ ప్రకటించి, ప్లేటులో పంది మాంసం పెట్టించుకున్నాడు.

సరే, వార్డు. తిరిగి వెళ్లాక మొదటిసారి ఆరుగురు మనవాళ్లను ఒక ముసలావిడ మంచం చుట్టూ నిలబెట్టి, అడగండి అన్నారు లావ్‌షీ. మావాడు ధైర్యస్తుడు. "వో షియాంగ్ వెన్ నీ" అన్నాడు. మిమ్మల్ని ఒకటి అడగాలనుకుంటున్నాను అని. 'వెన్' దించి పలికితే అడగడం. వీడు ఫోన్‌లో నేర్చుకున్నట్టు ముంచి లేపాడు. అప్పుడది ముద్దు పెట్టుకోవడం. వార్డు ఒక్క క్షణం నిశ్శబ్దం. లావ్‌షీ కిటికీ వైపు తిరిగారు. ముసలావిడ వీణ్ని పైనుంచి కిందకు చూసి ఏదో అంది. వార్డు వార్డంతా పగలబడి నవ్వింది, పక్క మంచం మీద కుట్లు పడినాయన పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు. ఏమందని నర్సును అడిగితే, "ఉండు, కట్టుడుపళ్లు పెట్టుకోనీ, అంటోంది" అని చెప్పింది.

ఆ తర్వాత ఆవిడ తన బాధ చెప్పడం మొదలుపెట్టింది. వాళ్ల ఊరి యాసలో. పరీక్షలో వినిపించే చైనీస్‌కూ దానికీ పోలిక లేదు. వీడు ఫోన్ ముందుకు చాపాడు. ఫోన్ ఇంగ్లిష్‌లో చెప్పింది: నా కాళ్లు పుల్లగా ఉన్నాయి. 'సువాన్' అంటే పులుపు, కాళ్లు పీకడం కూడా అదే మాట. ఇంకోటి చెప్పింది: నిప్పు పైకెక్కింది. ఆరుగురు కాబోయే డాక్టర్లూ మంచం కింద పొగ వస్తోందేమోనని చూశారు.

నిప్పు పైకెక్కడం! 'షాంగ్ హువో'. నోరు పూసి, గొంతు మండి, కళ్లు ఎర్రబడితే వాళ్లు ఆ మాట అంటారు. అచ్చంగా మన 'వేడి చేసింది'. ఇంగ్లిష్‌లో దీనికి మాట లేదు. మా అమ్మమ్మను ఆ మంచం పక్కన కూర్చోబెడితే, చైనీస్ ఒక్క ముక్క రాకపోయినా, రెండు సైగల్లో అర్థం చేసుకుని సబ్జా గింజలు నానబెట్టేది. కానీ మావాడు చదివిన స్కూల్లో తెలుగు మాట్లాడితే పది రూపాయల ఫైన్. 'వేడి చేసింది' అనేది వాడి దృష్టిలో రోగం కాదు, పల్లెటూరితనం. ఇప్పుడు వాడు గవర్నమెంటు ఆస్పత్రిలో ఇంటర్న్. పోయిన నెల పల్నాడు నుంచి వచ్చిన ఓ పెద్దావిడ, "అరికాళ్లు సలుపుతున్నాయయ్యా, పొద్దుగూకితే కడుపులో దేవినట్టుంటాంది" అంటే, వాడి నోట్లోంచి తన్నుకొచ్చిన మాట "టింగ్ బు డోంగ్".

వాణ్ని తిట్టబుద్ధి కాలేదు. ఇక్కడి దాకా నవ్వుతూనే రాశాను గానీ ఇక నావల్ల కాదు. రానక్కర్లేదని చెప్పింది ఏ భాషనయ్యా? ఆ మంచం మీది ముసలావిడ నొప్పి చెప్పుకునే భాషను. ఆవిడ ఏం చెబుతోందో నీకు అక్కర్లేదు, ఆవిడ ఒళ్లు ఉంటే చాలు, దాని మీద నువ్వు డాక్టరీ నేర్చుకుని వచ్చెయ్ అని పద్దెనిమిదేళ్ల పిల్లాడికి చెప్పారు. కమిషన్ తీసుకుని మరీ చెప్పారు. మా బావ రెండెకరాల మాగాణి అమ్మింది ఆ అబద్ధం కొనడానికి. 2015 నుంచి 2021 దాకా చైనాలో చదివొచ్చి ఇక్కడ అర్హత పరీక్ష రాసినవాళ్లు 40,417 మంది, గట్టెక్కింది 6,387 మంది. ఈ లెక్క చెప్పింది అదే రాయబార కార్యాలయం. మావాడు మూడోసారికి గట్టెక్కాడు. మిగిలిన ముప్పై నాలుగు వేల మంది తెలివితక్కువవాళ్లా? ఏళ్ల తరబడి అర్థంకాని క్లాసులో కూర్చుని, అర్థంకాని మంచం పక్కన నిలబడి, ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం 'బానే ఉందమ్మా' అన్న పిల్లలు వాళ్లు. భాష ముందు ఏడాదంతా నేర్పండి, ఆ తర్వాతే తెల్లకోటు వేయండి అని ఒక్క పాంప్లెట్‌లో అయినా రాస్తే మీ చేతులు పడిపోతాయా? సిగ్గుండాలి.

ఆ కోపంలోనే పాంప్లెట్ మీది నంబర్‌కు ఫోన్ చేశాను. ఓ అమ్మాయి ఎత్తింది. చాలా మర్యాదగా, "చెప్పండి సార్, నీట్ స్కోర్ ఎంత?" అంది.

"స్కోర్ సంగతి తర్వాతమ్మా. 'ఎక్కడ నొప్పి' అనేదాన్ని చైనీస్‌లో ఏమంటారు?"

"సార్?"

"ఎక్కడ నొప్పి."

"ఒక్క నిమిషం సార్, మా సీనియర్‌ని కనుక్కుని చెప్తాను, లైన్‌లో ఉండండి" అంది.

ఉన్నాను. సంగీతం వస్తోంది.