ఇరుసు పార్టీ, విష్‌బోన్ పార్టీ

దేన్నయినా రెండు పార్టీలుగా చీల్చి, వాటి మధ్య తరతరాల వైరం పెట్టగల ప్రతిభ బెజవాడకి పుట్టుకతో వచ్చింది. పునుగులు ఎవరి బండి దగ్గర బాగుంటాయన్న విషయంలో కూడా మనకి రెండే పక్షాలు. మూడో పక్షం వాడు కనపడితే ఇద్దరూ కలిసి కొడతారు. అయినా ఏదో వెలితి ఉండేది. ఈమధ్య అదీ తీరింది. జీపు ముందు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి ఉండాలా, ఏ చక్రానికి ఆ చక్రం విడిగా ఉండాలా అన్నదాని మీద ఇప్పుడు ఊళ్లో రెండు పార్టీలు నడుస్తున్నాయి.

ఇరుసు పార్టీ అధ్యక్షుల వారు రోజూ సాయంత్రం బందరు రోడ్డులో ఒక టీ కొట్టు దగ్గర ప్రవచనం చెబుతారు. ఎర్ర థార్. ముందు అద్దం మీద వాళ్ల తాతగారి పేరు, వెనక స్టెప్నీ మీద పులి బొమ్మ, పక్కన నీళ్లలో ఇంజను గాలి పీల్చుకోవడానికి ఏనుగు తొండమంత గొట్టం, దాని పేరు స్నార్కెల్. "ఇండిపెండెంట్ సస్పెన్షన్ అంటే ఆడవాళ్ల బండి తమ్ముడూ. మగాడి బండికి సాలిడ్ యాక్సిల్ ఉండాలి" అన్నది ఆయన మూలమంత్రం. చుట్టూ ఉన్నవాళ్లు తల ఊపుతారు. టీ కొట్టతనూ ఊపుతాడు, ఖాతా బాకీ ఉంది కాబట్టి.

చిక్కల్లా ఒకటే. ఆయన బండికి ముందు సాలిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలనీ కలిపే ఒకే ఇరుసు, లేదు. 2020లో వచ్చిన కొత్త థార్‌కి ముందు డబుల్ విష్‌బోన్, అంటే ఏ చక్రానికి ఆ చక్రం విడి. ఇరుసు ఉన్నది వెనక మాత్రమే. 2010 నాటి థార్ సీఆర్‌డీఈకి కూడా ముందు టార్షన్ బార్లతో, అంటే స్ప్రింగుల బదులు మెలితిరిగే కడ్డీలతో, విడి చక్రాలే. బండి కింద ఏముందో అధ్యక్షుల వారు ఎప్పుడూ వంగి చూడలేదు. వంగడం ఆయన హోదాకి తగదు.

ఇంతకీ గొడవేమిటో చెప్పాలి. సాలిడ్ యాక్సిల్ అంటే కావడి. ఒక కొన పైకి లేస్తే రెండో కొన కిందికి దిగుతుంది. రాళ్లలో మెల్లగా పాకేటప్పుడు దాని గొప్పంతా అదే. ఎడమ చక్రం బండరాయి ఎక్కి ఇరుసుని వాలుస్తుంది, ఆ వాలు కుడి చక్రాన్ని గుంటలోకి నొక్కుతుంది, రెండు టైర్లూ నేలని వదలవు. ఇరుసు చక్రాలతో పాటే కదులుతుంది కాబట్టి స్ప్రింగులు ఎంత కుంగినా ఇరుసు తొడుగైన హౌసింగ్‌కీ నేలకీ మధ్య ఎత్తు తగ్గదు. విడి చక్రాల బండిలో ఇంజను బలాన్ని రెండు చక్రాలకీ పంచే డిఫరెన్షియల్ ఛాసిస్‌కి బిగించి ఉంటుంది. ముందు భాగం కుంగితే అదీ కుంగుతుంది. పైగా ఆ బలాన్ని చక్రానికి చేర్చే సీవీ జాయింట్లు ఒక కోణం దాటి వంగవు కాబట్టి చక్రం కిందికి దిగడానికి ఒక హద్దుంది. రాయి గీరుకుని జాయింట్ మీది రబ్బరు బూటు చిరిగిందా, గ్రీజు బయటికి, మట్టి లోపలికి.

అదే ఇరుసు బండిని గుంటూరు హైవే మీద వందలో తీసుకెళ్లండి. ప్రవచనం మంగళగిరి దాకా కూడా రాదు. ఒక చక్రం గతుకులో పడితే దెబ్బ రెండో చక్రానికీ తగులుతుంది. చక్రాలతో పాటు ఎగిరిపడే బరువు ఎక్కువ కాబట్టి మన నడుం ఆ లెక్క చూసుకుంటుంది. బుష్‌లు అరిగాయంటే ఒక్కోసారి స్టీరింగ్ ఆగకుండా వణుకుతుంది. దానికి అమెరికావాళ్లు డెత్ వాబుల్ అని పేరు కూడా పెట్టారు.

రాళ్లలో అది మేలు, రోడ్డు మీద ఇది మేలు. అయిపోయింది. కానీ ఇంత తొందరగా తేలిపోతే సాయంత్రమంతా ఏం చేస్తారు పాపం?

సిద్ధాంతం ప్రకారమైతే ఇరుసు పార్టీ వాళ్లు మారుతి జిమ్నీకి గుడి కట్టాలి. 2023లో మన దగ్గర అమ్మకానికి వచ్చిన ఆ బండికి ముందూ వెనకా ఇరుసులే. ఎందుకు కొనలేదని అడిగితే అధ్యక్షుల వారు గొంతు తగ్గించి, "చిన్నగా ఉంటుంది తమ్ముడూ, పెళ్లిళ్లకి వెళ్తే బాగోదు" అన్నారు. మన సైన్యం ఏళ్ల తరబడి కొండలెక్కించిన జిప్సీ కూడా చిన్నదే, అదీ కమాను కట్టల మీద ఇరుసులే. సైనికులకి పెళ్లిళ్ల పిలుపులు రావు కాబోలు. ఫోర్స్ గూర్ఖా 2021లో ముందు ఇరుసు వదిలేసి విష్‌బోన్‌కి మారింది. మెర్సిడెస్ జీ క్లాస్ దాదాపు నలభై ఏళ్లు ఇరుసు మీద తిరిగి 2018లో పార్టీ ఫిరాయించింది. జీప్ కంపెనీ రాంగ్లర్ మాత్రం ఇంకా ఇరుసునే నమ్ముకుంది. ఇక అమెరికా సైన్యం బండి హమ్‌వీకి నాలుగు చక్రాలూ విడివిడే. ఆ సైన్యానికి మన టీ కొట్టు అడ్రసు ఎవరూ ఇచ్చినట్టు లేరు.

విష్‌బోన్ పార్టీ కుర్రాడొకడు ఉన్నాడు. మామగారి ఫార్చూనర్‌లో తిరుగుతూ, "ఫార్చూనర్‌కి వెనక ఇరుసే కదా" అని ఎవరైనా అంటే ఫోన్ చూసుకుంటాడు. వాడొక సాయంత్రం రోడ్డు మీద వెల్లకిలా పడుకుని థార్ కింద టార్చి వేసి అందరికీ చూపించాడు. అధ్యక్షుల వారు గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, "ఇది ఇండిపెండెంట్ కాదు, సెమీ సాలిడ్" అన్నారు. ఆటోమొబైల్ చరిత్రలో కొత్త అధ్యాయం. తల ఊపాల్సిన వాళ్లు ఊపారు.

సెమీ సాలిడ్ సిద్ధాంతాన్ని రుజువు చెయ్యడానికి ఆదివారం యనమలకుదురు దగ్గర కృష్ణలోకి దిగారు. బ్యారేజీ నుంచి నీళ్లు వదలని కాలం, కనుచూపు మేర ఇసుక. డ్రోన్ కూడా తెచ్చుకున్నారు. ఇసుకలో ఇరుసా, విష్‌బోనా అన్నది చివరి ప్రశ్న. మొదటి ప్రశ్న టైర్లో గాలి ఎంత అని. రోడ్డు మీద ముప్పై పైచిలుకు పీఎస్ఐ ఉండే గాలిని పదిహేను, పద్దెనిమిదికి దింపితే టైరు పరుచుకుని ఇసుక మీద తేలుతుంది. వీళ్లు వచ్చేదారిలో నైట్రోజన్ నిండుగా కొట్టించుకుని వచ్చారు.

థార్ కూరుకుపోయింది. దాన్ని లాగబోయి ఫార్చూనర్ కూరుకుపోయింది. ఈ రెండిటినీ వీడియో తీద్దామని పక్కకి వచ్చిన బొలెరో కూడా కూరుకుపోయింది. ఇప్పుడు మామూలు మనుషులైతే పార పట్టుకుంటారు. వీళ్లు టేపు పట్టుకున్నారు, ఎవరి బండి ఎంత దిగిందో కొలవడానికి. నాలుగంగుళాలు తక్కువ దిగిన పార్టీకి సిద్ధాంత విజయమట. కొలత నచ్చని వాళ్లు ఎక్కి యాక్సిలరేటర్ తొక్కారు, చక్రాలు ఇంకా తవ్వుకున్నాయి, మళ్లీ కొలిచారు. పాయ పక్కన బట్టలుతుకుతున్న పెద్దావిడ చాలాసేపు చూసి, "ఏం నాయనా, బోరు వేస్తున్నారా?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. డ్రోన్ మాత్రం పైన తిరుగుతూనే ఉంది.

చివరికి ఇసుక ట్రాక్టరు వచ్చింది. దాని ముందు ఇరుసు ఒకే దూలం, మధ్యలో పిన్ను మీద ఊగుతుంది, స్ప్రింగుల ఊసే లేదు. ఒక వెనక చక్రం పట్టు తప్పి ఊరికే తిరుగుతుంటే కాలి కింద డిఫరెన్షియల్ లాక్ పెడల్ ఉంటుంది, తొక్కితే రెండూ కలిసి తిరుగుతాయి. రెండు పార్టీలూ ఇన్నాళ్లూ వాదించుకున్నదంతా బనీను వేసుకుని బీడీ కాలుస్తూ ఎదురుగా నిలబడింది. "గాలి తీశారా సార్?" అన్నాడు ట్రాక్టరతను. తియ్యలేదు. "పోనీ ఫోర్ వీల్ వేశారా?" అధ్యక్షుల వారు డ్రోన్ వైపు చూశారు.

వెయ్యలేదు. ఎందుకంటే లేదు. ఆయనది 2023లో వచ్చిన వెనక చక్రాల మోడల్. ముందు ఇరుసు మహాత్మ్యం మీద ఇన్ని సాయంత్రాలు ప్రవచనం చెప్పిన మనిషి బండిలో ముందు చక్రాలకి ఇంజనుతో ఏ సంబంధమూ లేదు. "బండికి రెండు వేలు. ఏ సస్పెన్షనైనా ఒకటే రేటు" అన్నాడు ట్రాక్టరతను, గొలుసు విప్పుతూ.

ఆ స్నార్కెల్ సంగతి కూడా చూద్దాం. థార్ దిగగలిగిన నీళ్ల లోతు 650 మిల్లీమీటర్లని కంపెనీయే చెబుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు జనం రోజుల తరబడి మేడల మీద కూర్చున్నారు. పాల ప్యాకెట్లు పడవల్లో వచ్చాయి, ట్రాక్టర్లలో వచ్చాయి. మన స్నార్కెల్ ఆ వారమంతా గుణదలలో మెరక మీదున్న చుట్టాలింట్లో కవరు కప్పుకుని నిద్రపోయింది. ఇప్పుడది మళ్లీ బందరు రోడ్డులో ఫుట్‌పాత్ ఎక్కి, ఒక చక్రం పైన, ఒక చక్రం కింద పెట్టుకుని "ఆర్టిక్యులేషన్" చూపిస్తోంది. పెన్షన్ కోసం బ్యాంకుకి నడిచొచ్చే ముసలాయన దాన్ని చుట్టుకుని, లారీల పక్కగా, నడిరోడ్డు మీదికి దిగి పోవాలి.

ఆడవాళ్ల బండి అన్నాడు కదా. ఆడవాళ్ల బండి ఏదో నేను చూపిస్తాను. మిర్చి కోతల కాలంలో తెల్లవారుజామున గుంటూరు చుట్టుపక్కల ఏ ఊరి రోడ్డు మీదైనా నిలబడండి. ముగ్గురు ఎక్కాల్సిన ఆటోలో పన్నెండు మంది, డ్రైవరుకి అటొకరు ఇటొకరు, వెనక కాళ్లు వేలాడేసుకుని ఇంకో ఇద్దరు. ముందు ఒకే చక్రం. దానికి జోడీయే లేదు కాబట్టి విడిగా ఉండాలా, కలిసి ఉండాలా అన్న చర్చే రాదు. నల్లరేగడి వానకి ఉబ్బి ఎండకి పగులుతుందని ఆ రోడ్డు వేసిన ప్రతివాడికీ తెలుసు. తెలిసే కింద సరైన పునాది లేకుండా తారు పూసి బిల్లు ఎత్తుకుంటారు. గుంటలో ఆ ఒక్క చక్రం దిగుతుంది. మర్నాడు జిల్లా పేజీలో "ఆటో బోల్తా, కూలీలకు గాయాలు". ఒక్కోసారి గాయాలతో పోదు. కూలి కోసం పొద్దున్నే లేచి క్యారేజీ కట్టుకున్న మనిషి ఆ క్యారేజీ మూత తియ్యకుండానే పోతుంది. ఆమె సస్పెన్షన్ గురించి ఏ టీ కొట్టు దగ్గరా ఎవడూ ప్రవచనం చెప్పడు. ఆఫ్‌రోడింగ్ అట! రోడ్డు లేక రోజూ ప్రాణాలు చేత్తో పట్టుకుని పోయేవాళ్లున్న జిల్లాలో, ఉన్న రోడ్డు వదిలేసి గుంటలు వెతుక్కుంటూ పోవడానికి ఇరవై లక్షలు. సిగ్గుండాలి.

సరే, అధ్యక్షుల వారి తాజా కార్యక్రమం కొండపల్లి. కొండ మీద అడవిలో మంచి రాళ్లున్నాయని, అక్కడైతే సెమీ సాలిడ్ సత్తా తేలుతుందని టీ కొట్టు దగ్గర తీర్మానం అయింది. బొమ్మలు చెక్కే తెల్లపొణికి చెట్టు ఆ అడవిదే. చెక్క దొరకడం కష్టంగా ఉందని బొమ్మలవాళ్లు ఇప్పటికే మొత్తుకుంటున్నారు. మిగిలిన మొలకల మీదికి ఇప్పుడు ఈ టైర్లు. అటవీశాఖ వారికి నా విన్నపం ఒక్కటే. గేటు దగ్గర ఆపి ఏ ఇరుసని అడిగారంటే మీకు రాత్రి దాకా డ్యూటీ దిగడం కుదరదు. నోరెత్తకుండా తాళం వెయ్యండి. ట్రాక్టరతని నంబరు వాళ్ల దగ్గరే ఉంది.