ఎర్ర టేపు తీసిన శుక్రవారం

2006 నవంబర్ 17, శుక్రవారం. కొలంబస్‌లో మా ఆఫీసులో ఆ రోజు ఎవరికీ పని మీద ధ్యాస లేదు. మర్నాడు మధ్యాహ్నం మా ఊరి యూనివర్సిటీ ఒహాయో స్టేట్‌కీ, పక్క రాష్ట్రంలోని మిచిగన్ యూనివర్సిటీకీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట. రెండు జట్లూ అప్పటికి పదకొండు ఆటలు ఆడి పదకొండూ గెలిచాయి. దేశంలో మాది ఒకటో ర్యాంకు, వాళ్ళది రెండు. 1897లో మొదలైన ఈ పోటీలో ఒకటీ రెండూ ఎదురెదురు పడటం అదే మొదటిసారి.

ఆ వారం ఎలా ఉంటుందో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకి తెలుసు. యూనివర్సిటీ బోర్డుల మీద 'ఎమ్' అక్షరం కనిపిస్తే చాలు, ఎర్ర టేపుతో కొట్టేస్తారు. మిచిగన్ పేరు పలకడం కూడా ఇష్టం ఉండదు, 'ఉత్తరాన ఉన్న ఆ జట్టు' అంటారు. మా ఆఫీసులో ఒక పెద్దాయన ఏటా ఈ టేపు పని తన మీద వేసుకునేవారు. మీటింగ్ రూమ్ తలుపు మీదా, మెయిల్ పెట్టె మీదా, బ్రేక్‌రూమ్‌లో మైక్రోవేవ్ మీదా ఎక్కడ 'ఎమ్' ఉంటే అక్కడ అడ్డంగా రెండు ఎర్ర గీతలు.

మధ్యాహ్నం వార్త వచ్చింది. మిచిగన్ పాత కోచ్ బో షెంబెక్లర్ పోయారు. నేను అన్నం డబ్బా వేడి చేసుకుందామని బ్రేక్‌రూమ్‌కి వెళ్ళేసరికి ఆ పెద్దాయన మైక్రోవేవ్ ముందు నిలబడి గోటితో టేపు గీకుతున్నారు. అంచు దొరకడం లేదు. రెండుమూడు సార్లు గీకి, చివరికి పట్టుకుని మెల్లగా లాగి, ఉండ చుట్టి ప్యాంటు జేబులో వేసుకున్నారు. మళ్ళీ బొటనవేలితో ఆ అక్షరం మీద మిగిలిన జిగురు తుడిచారు. నన్ను చూసి, "ఆయన బార్బర్టన్ కుర్రాడు, మా ఒహాయో వాడే" అన్నారు. ఇంకేమీ మాట్లాడకుండా మీటింగ్ రూమ్ తలుపు వైపు వెళ్ళిపోయారు.

నేను ఈ ఊరు వచ్చి అప్పటికి రెండేళ్ళే. నాకు అర్థం కాలేదు. ఏడవాల్సింది మిచిగన్ వాళ్ళు కదా, ఈయనకేమైంది అనుకున్నాను. ఆ రాత్రి కూర్చుని చదివాక తెలిసింది.

బో పుట్టింది 1929లో, యాక్రన్ పక్కన బార్బర్టన్‌లో. చదివింది ఒహాయోలోనే ఉన్న మయామి యూనివర్సిటీలో. అక్కడ ఆయనకి కోచ్ వుడీ హేస్. వుడీ 1951లో ఒహాయో స్టేట్‌కి రాగానే బో కూడా వెనకాలే వచ్చి, ఆయన దగ్గర పని చేస్తూ 1952లో ఇక్కడే మాస్టర్స్ పూర్తి చేశారు. మళ్ళీ 1958 నుంచి ఐదు సీజన్లు వుడీకి అసిస్టెంటు. అంటే ఆట నేర్చుకున్నదీ, ఇంకొకరికి నేర్పడం ఎలాగో నేర్చుకున్నదీ ఈ గడ్డ మీదే, ఈ గురువు దగ్గరే.

1968లో వుడీ జట్టు మిచిగన్‌ని 50-14తో చితక్కొట్టింది. జాతీయ ఛాంపియన్ అయింది. మర్నాటి ఏడు మిచిగన్ వాళ్ళు వెతికి వెతికి బోని కోచ్‌గా తెచ్చుకున్నారు. ఆ నవంబర్‌లో ఒహాయో స్టేట్ వరసగా 22 ఆటలు గెలిచిన ఊపుతో మిచిగన్ వాళ్ళ ఊరు ఆన్ ఆర్బర్ వెళ్ళింది. శిష్యుడు గురువుని 24-12తో ఓడించి పంపించాడు. ఆ ఓటమి వుడీని ఎంత కుదిపిందో ఈ ఊళ్ళో ముసలాళ్ళు ఇప్పటికీ చెబుతారు. అక్కడి నుంచి 1978 దాకా పదేళ్ళు ఇద్దరూ కొట్టుకున్నారు. 'పదేళ్ళ యుద్ధం' అనే పేరు అలా వచ్చింది. లెక్క తీస్తే బో ఐదు గెలిచారు, వుడీ నాలుగు, ఒకటి సమం. రెండు జట్లూ ఆడే కాన్ఫరెన్స్ పేరు బిగ్ టెన్. ఆ పదేళ్ళలో ప్రతి ఏడూ దాని టైటిల్ ఈ ఇద్దరిలో కనీసం ఒకరికి దక్కింది.

ఆ సమం అయిన ఆట 1973ది. 10-10. సీజన్ చివర జరిగే పెద్ద ఆట రోజ్ బౌల్‌కి ఎవరు వెళ్ళాలో తేల్చడానికి ఆ కాన్ఫరెన్స్‌లోని యూనివర్సిటీల అథ్లెటిక్ డైరెక్టర్లు ఓట్లు వేసి ఒహాయో స్టేట్‌ని పంపించారు. బో ఆ కోపం చివరిదాకా మర్చిపోలేదు. ఆయన జీవితంలో రోజ్ బౌల్ ఎప్పుడూ కలిసి రాలేదు. పది సార్లు వెళ్ళి రెండు సార్లే గెలిచారు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆటకి ముందే నలభై ఏళ్ళ వయసులో గుండెపోటు వచ్చి ఆస్పత్రిలో ఉండిపోయారు. మిచిగన్‌కి 194 ఆటలు గెలిపించిన మనిషికి జాతీయ టైటిల్ ఒక్కటీ రాలేదు.

ఇదంతా చదువుతుంటే నన్ను ఆపేసింది మాత్రం 1987 మార్చి. వుడీ ఉద్యోగం పోయి అప్పటికి ఎనిమిదేళ్ళు. ఆటలో అవతలి జట్టు కుర్రాణ్ణి కొట్టినందుకు తీసేశారు. ఒంట్లో బాగోలేదు. అయినా డేటన్‌లో ఒక విందులో బోని సభకి పరిచయం చేయాలని ప్రయాణం కట్టి వెళ్ళారు. తనని ఐదు సార్లు ఓడించిన శిష్యుడి గురించి నిలబడి మాట్లాడి ఇంటికి వచ్చారు. మర్నాడు, మార్చి 12న, నిద్రలోంచి లేవలేదు.

బో విషయానికి వస్తే, 2006 అక్టోబర్‌లో డెట్రాయిట్ పక్కన సౌత్‌ఫీల్డ్‌లో ఒక టీవీ స్టూడియోలో కుప్పకూలారు. కోలుకున్నారు. నవంబర్ 16న మిచిగన్ కుర్రాళ్ళ దగ్గరికి వెళ్ళి మాట్లాడారు. 17న మళ్ళీ అదే స్టూడియోలో పడిపోయారు. ఈసారి లేవలేదు. 77 ఏళ్ళు.

మర్నాడు మేం ఎనిమిది మందిమి ఒక స్నేహితుడి బేస్‌మెంట్‌లో బిర్యానీ ట్రే మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. ఒహాయో స్టేడియంలో లక్షా ఐదు వేల మందికి పైగా జనం. ఆట మొదలవక ముందు పెద్ద తెర మీద బో బొమ్మలు వేశారు. మైకులో చెప్పినదాని సారాంశం ఇది. మిచిగన్ తన కోచ్‌ని, ఇంటి పెద్దని కోల్పోయింది. ఒహాయో స్టేట్ తన పూర్వ విద్యార్థిని, స్నేహితుణ్ణి కోల్పోయింది. తర్వాత మౌనం. పొద్దున్నుంచీ గొంతు చించుకుంటున్న ఆ జనం అంతా లేచి నిలబడ్డారు. మా బేస్‌మెంట్‌లో కూడా ఎవరూ చెప్పకుండానే ప్లేట్లు కింద పెట్టేశాం. ఆ తర్వాత ఆట ఎప్పటిలాగే కసిగా జరిగింది. 42-39తో మేం గెలిచాం.

'మన పూర్వ విద్యార్థి' అన్న ఆ ఒక్క మాట దగ్గర నేను ఇన్నేళ్ళుగా ఆగిపోతున్నాను. సంతాపం ఎవరైనా చెప్పగలరు. ఇది అంతకంటే పెద్ద పని. ఇరవై ఒక్క సీజన్లు తమ ఎదురుగా నిలబడ్డ మనిషిని, తమ సొంత మైదానంలో, తమ మైకులో, మావాడు అని చెప్పుకున్నారు. అది నిజం కూడా. ఒహాయో స్టేట్ ఆ పదేళ్ళు అంత గట్టిగా ఆడిందంటే అవతల బో ఉండబట్టే.

ఇక్కడ ఇంకో సంగతి కూడా రాయాలి. రాయకపోతే అబద్ధం చెప్పినట్టే. మిచిగన్ జట్టు డాక్టర్ ఒకడు ఏళ్ళ తరబడి ఆటగాళ్ళ మీద లైంగిక అత్యాచారాలు చేశాడని 2021లో యూనివర్సిటీ వేయించిన విచారణలో తేలింది. బోకి అప్పుడే చెప్పామని కొందరు ఆటగాళ్ళు చెప్పారు. తానే చెప్పానని ఆయన కొడుకు ఒకరు బయటికి వచ్చి చెప్పారు. ఆయనకి తెలియదని కుటుంబంలో మిగతావాళ్ళు అన్నారు. 2022లో యూనివర్సిటీ వెయ్యి మందికి పైగా బాధితులకి 490 మిలియన్ డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. నేను ఆ బాధితుల మాటే నమ్ముతాను. బో పేరు తలుచుకున్న ప్రతిసారీ ఇది కూడా తలుచుకోవాల్సిందే. అయితే దీన్ని పట్టుకుని మిచిగన్ వాళ్ళని ఎగతాళి చేసే మన ఊరి అభిమానులకి ఒక మాట. ఒహాయో స్టేట్‌లో ఇంకో డాక్టర్ కనీసం 177 మంది విద్యార్థుల మీద అత్యాచారం చేశాడని 2019లో ఈ యూనివర్సిటీ నివేదికే చెప్పింది. ఆ పిల్లల బాధ ఏ జట్టుకీ చేతికర్ర కాకూడదు.

ఇప్పుడు మన సంగతి.

మా ఊళ్ళో మా నాన్నకీ, మా పాలివాళ్ళలో ఒక పెద్దాయనకీ పొలం గట్టు దగ్గర తగాదా. పన్నెండేళ్ళు మాటల్లేవు. ఎదురుపడితే ఒకరు రోడ్డు దిగిపోయేవారు. ఆయన పోయిన రోజు కబురు తెలియగానే నాన్న తింటున్న కంచం పక్కకి నెట్టి, చెయ్యి కడుక్కుని, భుజాన తువ్వాలు వేసుకుని బయల్దేరారు. అమ్మ "వాళ్ళు ఏమంటారో" అంది. "శుభానికైతే పిలవాలి, దీనికి పిలుపేంటి" అన్నారు నాన్న. పాడెకి భుజం పట్టారు. సాయంత్రం వచ్చి నూతి దగ్గర స్నానం చేస్తూ, "వాడున్నన్నాళ్ళూ గట్టు మీద గడ్డి పోచ కూడా కదలనివ్వలేదు, అంత శ్రద్ధ" అన్నారు. నీళ్ళ చప్పుడులో గొంతు సరిగా వినపడలేదు.

మనందరం అలాంటి ఇళ్ళలోంచే వచ్చాం. మరి ఇక్కడ ఎందుకు మారిపోయాం? మనకి గిట్టని పార్టీ నాయకుడో, మనకి నచ్చని హీరో ఇంట్లో పెద్దో పోయాడని తెలిస్తే వాట్సాప్ గ్రూపులో గంట కూడా ఆగలేకపోతున్నాం. శవం ఇంకా ఇంట్లో ఉండగానే పాత గొడవలన్నీ తవ్వి పోస్తున్నాం. తప్పులు మాట్లాడొద్దని నేను అనను, పైన బో గురించి నేనే మాట్లాడాను. కానీ చచ్చిపోయాడని సంబరపడుతూ పెట్టే బొమ్మలకి, ఆ చప్పట్ల ఎమోజీలకి తప్పొప్పులతో ఏం సంబంధం?

వాట్సాప్ దాకా కూడా ఎందుకు, ఈ పత్రిక సంగతే చూద్దాం. మన ఊళ్ళో రెండు తెలుగు సంఘాలు ఉన్నాయి. ఎలా విడిపోయాయో, ఎవరిది తప్పో మళ్ళీ ఎత్తను. ఏటా రెండు సంక్రాంతులు, రెండు ఉగాదులు. అవతలి సంఘాన్ని నిలబెట్టిన పెద్దాయన కిందటి ఏడాది జనవరిలో పోయారు. మనం మన సంచికలో ముప్పై నాలుగో పేజీలో, ప్రకటనల కింద, రెండు లైన్లు వేశాం. ఫోటో లేదు. అప్పుడు ఎడిటోరియల్ కమిటీలో నేనూ ఉన్నాను. చోటు లేదన్నారు, నేను నోరు మూసుకున్నాను. ఆ తప్పు నాది కూడా.

నేను ఈ ఊళ్ళో దిగిన రోజు మంచు. ఎయిర్‌పోర్టుకి వచ్చి నన్ను తీసుకెళ్ళింది ఆయనే. నాకు కోటు లేదని తన కోటు ఇచ్చి, స్వెటర్‌తో కారు నడిపారు. వారం రోజులు వాళ్ళింట్లో ఉన్నాను. వాళ్ళావిడ పొద్దున్నే ఇడ్లీ పెట్టి, "బాబూ, ఇంకో రెండు వేసుకో" అనేవారు. మన పిల్లలకి ఇరవై ఏళ్ళు ఆదివారం పూట అక్షరాలు దిద్దించింది ఆయనే. విడిపోయాక కూడా ఆ బడికి మన సంఘం పిల్లలు వెళ్ళారు, ఆయన ఎవర్నీ ఏ సంఘం అని అడగలేదు. ఆయన సంక్రాంతికి గొబ్బెమ్మలూ, హరిదాసూ, భోగిపళ్ళూ పెట్టారనే కదా మనం కూడా హాలు మార్చి, నెల ముందు నుంచి రిహార్సల్స్ మొదలుపెట్టాం. మన కార్యక్రమాలు ఇంత బాగా జరుగుతున్నాయంటే అవతల ఆయన ఉండబట్టే.

అందుకే అధ్యక్షుల వారికీ, కార్యవర్గానికీ ఈ పత్రికలోనే అడుగుతున్నాను. ఈ ఉగాదికి మన వేదిక మీద, ప్రార్థన గీతం కంటే ముందు, ఆయన ఫోటో తెర మీద వేయండి. ఆయన మన పిల్లల మాస్టారని మైకులో చెప్పండి. 'అవతలి సంఘం' అనే మాట అక్కర్లేదు. వచ్చే సంచికలో ఆయనకి నిండు పేజీ ఇవ్వండి, నా వ్యాసం తీసేసి అయినా సరే. ఇప్పుడూ చోటు లేదంటే నేను ఒప్పుకోను.

సంవత్సరీకం కూడా అయిపోయింది. ఉగాది శుభకార్యం, పిలవకుండా ఎవరూ రారు. కార్యవర్గం సరేనంటే ఈ ఆదివారం నేనూ మా ఆవిడా వాళ్ళింటికి వెళ్ళి ఆవిడని పిలిచి వస్తాం. ముందు వరసలో ఒక కుర్చీ ఉంచండి.